హెర్మన్ గ్రాస్‌మన్ : గణితం నుండి ఋగ్వేదం వరకు

బి.ఎస్సీ. తరగతులలో గణితశాస్త్రాన్ని తీసుకొన్న ప్రతి విద్యార్థికీ ఒక దినం తప్పక ఎదురవుతుంది. అంతవరకు లెక్క అంటే జవాబు వచ్చేది. మాత్రికలను గుణిస్తాము, నిర్ధారకాలకు విలువ కడతాము, మూడు తెలియని రాశులున్న సమీకరణాలను సాధించి పుస్తకం చివర ఉన్న జవాబుతో సరిచూచుకొంటాము. ఆ దినం మాత్రం అధ్యాపకులు నల్లబల్ల మీద ఒక్క అంకె అయినా వేయరు. సదిశాంతరాళం, అనగా వెక్టర్ స్పేస్, ఎట్టిదో నిర్వచించి, దాని నియమాలను వరుసగా వ్రాసి, ఇకమీదట ఏ మాట అన్నా ఈ నియమాల నుండియే నిరూపించవలెనని చెప్పి ఊరుకొంటారు. మేమూ ఆ దినాన్ని ఎరుగుదుము. లీనియర్ ఆల్జీబ్రా పాఠాలలో మొదటి నెల గడిచేసరికి నోటుపుస్తకాల నిండా సిద్ధాంతాలు, ఉపపత్తులు చేరినవి. తలలో మాత్రం ఏమీ చేరలేదు. పరీక్ష కొరకు ఉపపత్తులను పద్యాలవలె వల్లించినాము. ఒకనాడు అధ్యాపకులు మేము వల్లించిన సిద్ధాంతాన్నే అక్షరాలు మార్చి వ్రాసి, దీనిని నిరూపించండి అన్నప్పుడు తరగతిలో ఒక్కరమూ లేవలేదు.

ఈ పాఠానికి మూలపురుషుడు ఎవరని తరువాత వెదకినాము. దొరికిన పేరు హెర్మన్ గ్యుంటర్ గ్రాస్‌మన్. ఆయన జీవితం చదువుతున్నకొద్దీ మాకు ఆశ్చర్యం పెరిగింది. సదిశాంతరాళం, ఉపాంతరాళం, స్వతంత్ర సదిశలు, ఆధారం, పరిమాణం మొదలగు భావాలను తొలిసారి ఒక శాస్త్రంగా కూర్చిన ఈ మహానుభావుడు విశ్వవిద్యాలయంలో గణితపాఠం ఒక్కటీ వినలేదు. జీవితమంతా పాఠశాల ఉపాధ్యాయుడుగానే గడిపినాడు. ఆయన మహాగ్రంథం చిత్తుకాగితాల క్రింద పోయింది. ఇవన్నీ అట్లుండగా, ఋగ్వేదంలోని పదాలకు నిఘంటువు కూర్చినవాడు కూడా ఈయనయే.

గ్రాస్‌మన్ 1809 ఏప్రిల్ 15వ తేదీన ప్రష్యా రాజ్యంలోని స్టెట్టిన్ నగరంలో జన్మించినాడు. బాల్టిక్ సముద్రానికి సమీపంలో, ఓడర్ నది ఒడ్డున ఉన్న ఆ రేవుపట్టణం 1945 తరువాత పోలండ్ దేశంలో చేరి ష్చెచిన్ అయింది. తండ్రి యూస్టుస్ గ్రాస్‌మన్ మతాచార్యుడుగా దీక్ష పొందినవాడు. అయినను వృత్తికి ఆ ఊరి ఉన్నత పాఠశాలలో గణిత భౌతికశాస్త్రాల ఉపాధ్యాయుడు. తల్లి కూడా మతాచార్యుని కుమార్తె. పన్నెండుమంది సంతానంలో హెర్మన్ మూడవవాడు. బాల్యంలో ఈయనకు జ్ఞాపకశక్తి తక్కువ, పరధ్యానం ఎక్కువ. ఈ పిల్లవాడు తోటమాలి అయినా, చేతిపనివాడు అయినా తనకు సంతోషమేనని తండ్రి అనుకొనేవాడట. ఆ మాటలో నిరాశ కంటె వాత్సల్యమే ఎక్కువగా మాకు తోచుచున్నది. ఆ కుర్రవాడే పదునెనిమిదవ యేట పాఠశాల చివరి పరీక్షలో ద్వితీయ స్థానంలో ఉత్తీర్ణుడైనాడు.

1827లో అన్నతో కూడి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరినాడు. అక్కడ ఆయన చదివినది క్రైస్తవ మతశాస్త్రం, దానితోపాటు ప్రాచీన భాషలు, తత్త్వశాస్త్రం. మతశాస్త్రవేత్త ష్లైయర్మాకర్ ఉపన్యాసాలు ఆయన మనస్సు మీద గాఢమైన ముద్ర వేసినవి. గణితశాస్త్రపు తరగతిలో మాత్రం ఆయన అడుగు పెట్టలేదు. మూడేండ్ల చదువు ముగించుకొని 1830లో స్టెట్టిన్ చేరిన తరువాతనే, ఇంట తండ్రి వ్రాసిన పాఠ్యపుస్తకాలను ముందు వేసుకొని గణితాన్ని స్వయంగా అభ్యసించినాడు. 1831 డిసెంబరులో ఉపాధ్యాయ పరీక్షకు కూర్చొన్నాడు. క్రింది తరగతులకు మాత్రమే చెప్పవచ్చునన్న యోగ్యతాపత్రం లభించింది.

అయితే ఆ తరువాతి సంవత్సరమే ఆయన జీవితాన్ని మార్చిన ఆలోచన ఆయనకు తట్టింది. దానిని కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఏలననగా మా పాఠ్యపుస్తకమంతా ఆ విత్తనం నుండి మొలచినదే.

ఒకే గీత మీద మూడు బిందువులున్నవి. మొదటి బిందువు నుండి రెండవదానికి నడచి, అక్కడ నుండి మూడవదానికి నడిస్తే, మొత్తం మీద మొదటి నుండి మూడవదానికి నడచినట్లే. మూడవ బిందువు మొదటి రెండింటి నడుమ ఉంటే? అప్పుడు కొంత దూరం వెనుకకు రావలెను. వెనుకకు నడచినదానిని ఋణంగా లెక్కిస్తే సూత్రం అక్కడ కూడా చెల్లుతుంది. బిందువులు ఒకే గీత మీద లేకున్నా అదే సూత్రం చెల్లుననుటయే గ్రాస్‌మన్ వేసిన ముందడుగు. అంతట పొడవులను కాదు, దిశతో కూడిన పొడవులను కూడుట సాధ్యమైనది.

గుణకారం సంగతి ఇంకా చిత్రమైనది. దీర్ఘచతురస్రమంటే పొడవు వెడల్పుల లబ్ధమని తండ్రి తన పాఠ్యపుస్తకంలో వ్రాసి ఉన్నాడు. కుమారుడు దిశలు గల భుజాలను తీసుకొని, వాటి లబ్ధం వాటి మీద నిలిచిన సమాంతర చతుర్భుజమన్నాడు. ఈ గుణకారంలో భుజాల క్రమాన్ని తారుమారు చేస్తే గుర్తు మారుతుంది. ఒక భుజాన్ని దానితోనే గుణిస్తే వైశాల్యం లేదు గనుక ఫలం సున్న. మూడును ఐదుతో గుణించినా ఐదును మూడుతో గుణించినా ఒకటే అని అలవాటుపడినవారికి ఇది వింతగా తోచును. కాని నిర్ధారకంలో రెండు అడ్డువరుసలు తారుమారైతే గుర్తు మారుతుందని, రెండు వరుసలు ఒకటే అయితే విలువ సున్న అని ఇంటర్మీడియట్‌లోనే మేము కంఠస్థం చేసినాము గదా! ఎందుకట్లు అని అడగలేదు. అడిగి ఉంటే ఈ సమాంతర చతుర్భుజమే జవాబు.

1834లో బెర్లిన్‌లోని ఒక వృత్తివిద్యా పాఠశాలలో గణితోపాధ్యాయుడుగా చేరినాడు. జ్యామితిలో ప్రసిద్ధుడైన యాకోబ్ స్టైనర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళగా ఖాళీ అయిన స్థానమది. అక్కడ ఎక్కువ కాలం నిలువలేదు. 1836లో మరల స్టెట్టిన్‌కే వచ్చి ఒక పాఠశాలలో ప్రవేశించినాడు. మీది తరగతులకు బోధించు అర్హత కొరకు మరొక పరీక్షకు దరఖాస్తు పెట్టుకొనగా, సముద్రపు ఆటుపోట్ల మీద వ్యాసం వ్రాయుమని పరీక్షాధికారులు అడిగినారు. లాప్లాస్, లగ్రాంజి అను మహామహులు పుటలకు పుటలు నడిపిన గణనలను గ్రాస్‌మన్ తన కొత్త పద్ధతితో ఎంతో కుదించి చూపినాడు. వ్యాసం ఒక పుస్తకమంత అయింది. 1840లో సమర్పించినాడు. పరీక్షకుడు అందులోని కొత్తదనాన్ని గుర్తించలేదు. గణితం, భౌతికం, రసాయనం, ఖనిజశాస్త్రం అన్ని తరగతులకూ చెప్పవచ్చునని యోగ్యతాపత్రం మాత్రం వచ్చింది. కోరిన పత్రం చేతికి వచ్చినది గాని, గ్రాస్‌మన్ మనస్సు అప్పటికే పత్రాలను దాటి పోయినది.

1844లో ఆయన ప్రథమ గ్రంథం లైప్జిగ్‌లో అచ్చయింది. జర్మన్ భాషలో దాని పేరు ఔస్‌డేనుంగ్స్‌లేర. విస్తారశాస్త్రం అని మనం చెప్పుకొనవచ్చును. మన కంటికి కనిపించు స్థలం మూడు పరిమాణాలతో ఆగిపోతుంది. కాని స్థలాన్ని గురించిన ఆలోచన అట్లు ఆగనక్కరలేదు, ఎన్ని పరిమాణాలకైనా శాస్త్రం నిర్మించవచ్చునన్నది అందులోని ప్రధాన ప్రతిపాదన. అట్టి శాస్త్రం ముందు, జ్యామితి దాని ఉదాహరణగా తరువాత. నేడు మా తరగతిలో మొదటి దినం విన్నది ఇదే.

ఆ పుస్తకాన్ని ఎవరూ చదవలేదు. చదవకపోవుటకు కారణాలు లేకపోలేదు. గ్రంథకర్త మొదట సుదీర్ఘమైన తాత్త్విక చర్చ పెట్టినాడు. అత్యంత సామాన్యమైన భావం నుండి ప్రారంభించి క్రమంగా విశేషాలకు దిగినాడు. గణితజ్ఞులకు తత్త్వం రుచించలేదు. తత్త్వవేత్తలకు గణితం రాదు. అంతేగాక లాటిన్ నుండి వచ్చిన పారిభాషిక పదాలను వదలి అచ్చ జర్మన్ మాటలతో కొత్త పదజాలం కల్పించినాడు. ఈ చిక్కు మన హైదరాబాదు వారికి బాగా తెలిసినదే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఏర్పడినప్పుడు అనువాద సంస్థలోని పండితులు శాస్త్రపదాలను వందలుగా కల్పించవలసి వచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కూడా అదే శ్రమ పడింది. కాని ఉస్మానియాలోను, తెలుగు అకాడమీ పుస్తకాలకును, కొత్త మాటకు అర్థం చెప్పుటకు తరగతిగదిలో ఒక అధ్యాపకుడుండేవాడు. గ్రాస్‌మన్ మాటలకు అర్థం చెప్పుటకు ఏ విశ్వవిద్యాలయంలోనూ ఎవ్వరూ లేరు. పెద్దల దోషం ఎంత ఉన్నదో గ్రంథకర్త దోషం కూడా కొంత ఉన్నదని మేము ఒప్పుకొంటున్నాము. ఉదాహరణ లేకుండ నిర్వచనంతో మొదలుపెట్టిన పుస్తకం ఎట్లుండునో మాకు అనుభవమే.

గ్రాస్‌మన్ తన గ్రంథాన్ని గణితసార్వభౌముడని పేరుపొందిన గౌస్‌కు పంపినాడు. ఇట్టి ఆలోచనలు తనకు అర్ధశతాబ్దం క్రిందటనే కలిగినవని, ఈ కొత్త పదజాలాన్ని నేర్చుకొనుటకు తనకు తీరిక లేదని ఆ వృద్ధుడు మర్యాదగా జవాబిచ్చినాడు. లైప్జిగ్‌లోని మొబియుస్‌ను కలసి సమీక్ష వ్రాయుమని ప్రార్థించినాడు. అందులోని తత్త్వభాగాన్ని విమర్శించు శక్తి తనకు లేదని మొబియుస్ తప్పుకొన్నాడు. పలుమారులు ప్రయత్నించి కూడా మొదటి పుటలు దాటలేకపోయితినని ఒక మిత్రునితో ఒప్పుకొన్నాడు కూడా. ఐర్లండులో హామిల్టన్, కొన్నేండ్లకు ఆ పుస్తకం చేతపట్టి, దీనిని చదువవలెనంటే ముందు పొగత్రాగుట నేర్చుకొనవలెనేమోనని స్నేహితునికి వ్రాసి నవ్వుకొన్నాడు. అయినను ఆయన చదివినాడు, మెచ్చినాడు, 1853లో వెలువడిన తన గ్రంథపు పీఠికలో గౌరవంగా పేర్కొన్నాడు. ఆ కాలపు పెద్దలలో ఈ మాత్రం ఓపిక చూపినవాడు ఆయన ఒక్కడే అనవచ్చును.

మొబియుస్ వేరొక విధంగా సాయపడినాడు. లైబ్నిట్జ్ ఊహించిన ఒక జ్యామితీయ భాషను అభివృద్ధి చేసినవారికి లైప్జిగ్‌లోని ఒక విద్వత్సభ బహుమతి ప్రకటించగా, గ్రాస్‌మన్‌ను పాల్గొనుమని ప్రోత్సహించినాడు. వచ్చిన వ్యాసం ఒక్కటే. బహుమతి 1846లో గ్రాస్‌మన్‌కే లభించింది. ఆ ధైర్యంతో 1847 మే నెలలో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం కొరకు ప్రష్యా విద్యామంత్రికి అర్జీ పెట్టుకొన్నాడు. మంత్రి కుమ్మర్ అను గణితాచార్యుని అభిప్రాయం కోరినాడు. కుమ్మర్ గ్రాస్‌మన్ కంటె ఒక సంవత్సరం చిన్నవాడు, నిజమైన ప్రతిభాశాలి. విషయం మంచిదే గాని చెప్పిన తీరు లోపభూయిష్టమని ఆయన నివేదిక. ఆ ఒక్క నివేదికతో ఆ ద్వారం మూసుకొన్నది. మరల తెరచుకొనలేదు.

ఇంకొక గాయం ఫ్రాన్సు నుండి తగిలింది. సాం వెనాన్ అను పండితుడు ఇట్టి గుణకారాన్నే ప్రకటించినట్లు తెలిసి, గ్రాస్‌మన్ తన పుస్తకపు ప్రతులు రెండు పారిస్‌లోని కోషీకి పంపి, చిరునామా తెలియనందున ఒకటి ఆయనకు చేర్చుమని కోరినాడు. 1853లో కోషీ తాను ప్రకటించిన వ్యాసంలో గ్రాస్‌మన్ పద్ధతిని పోలినదానినే వాడినాడు. గ్రాస్‌మన్ పేరు మాత్రం లేదు. మరుసటి సంవత్సరం గ్రాస్‌మన్ ఫ్రెంచి అకాడమీకి ఫిర్యాదు చేసినాడు. విచారణ సంఘాన్ని వేసినారు. అందులో కోషీ కూడా ఒక సభ్యుడు! ఆ సంఘం నివేదిక ఏనాడూ వెలువడలేదు. కోషీ కావాలని తీసుకొన్నాడని మేము అనము. స్వతంత్రంగా తట్టి ఉండవచ్చును. కాని ఆరోపణకు గురియైనవాడే న్యాయపీఠం మీద కూర్చొనుట ఏ కాలంలోనూ ఉచితం కాదు.

1848లో జర్మనీ అంతటా విప్లవపు గాలి వీచినప్పుడు గ్రాస్‌మన్, తమ్ముడు రాబర్ట్‌తో కలసి ఒక పత్రిక నడిపినాడు. 1849లో వివాహమైనది, పదకొండుమంది సంతానం కలిగినారు. 1852లో తండ్రి మరణించగా, తండ్రి పనిచేసిన పాఠశాలలో తండ్రి స్థానంలోనే ఆయనను నియమించి ప్రొఫెసర్ బిరుదు ఇచ్చినారు. పిల్లలకు పాఠాలు, పరీక్షాపత్రాలు దిద్దుట, ఇంటి భారం. ఇన్నింటి నడుమ రంగుల మిశ్రమం మీద 1853లో వ్రాసిన వ్యాసం ఒక్కటే ఆయనను భౌతికశాస్త్రంలో చిరస్మరణీయుని చేసింది. రంగులను కూడా సదిశలవలె కూడవచ్చునని, వాటికి పరిమాణాలు మూడేనని అందులోని సారాంశం.

మొదటి గ్రంథం తత్త్వంవల్ల చెడిందని అనుకొన్నాడు గనుక, రెండవ రచనలో తత్త్వాన్ని పూర్తిగా విడిచినాడు. యూక్లిడ్ పద్ధతిలో నిర్వచనం, సిద్ధాంతం, ఉపపత్తి అను క్రమంలో అంతా తిరిగి వ్రాసినాడు. తమ్ముని ముద్రణాలయంలో తన ఖర్చుతో 300 ప్రతులు అచ్చు వేయించినాడు. ముఖపత్రం మీద 1862 అని ఉన్న ఆ గ్రంథాన్ని నేడు తెరచి చూచిన పండితులు, అది మన డిగ్రీ తరగతుల పాఠ్యపుస్తకమే కదా అని విస్తుపోతారు.

మా తరగతిలో ఎవ్వరమూ లేచి నిరూపించలేకపోయిన సిద్ధాంతం కూడా అందులో ఉన్నది. ఒక అంతరాళాన్ని నాలుగు సదిశలు జనింపజేస్తున్నవనుకొందాము. అందులో శూన్యం కాని కొత్త సదిశ నొకదానిని తీసుకొంటే, అది ఆ నాలుగింటి సంయోగమే కావలెను; అందులో ఏదో ఒక పాత సదిశ గుణకమైనా సున్న కాకుండ ఉండవలెను. ఆ పాతదానిని లేపి కొత్తదానిని ఆ చోట నిలిపినా అంతరాళమంతా వెనుకటివలెనే జనిస్తుంది. రెండవ కొత్త సదిశ మొదటి కొత్తదానిపై ఆధారపడనిదైతే, దాని సంయోగంలో కూడా పాతవారిలో ఒకరు తప్పక ఉండితీరుదురు, వారిని లేపవచ్చును. ఇట్లు నాలుగు మార్పిడులు జరిగిన తరువాత పాతవారు మిగలరు. ఐదవ స్వతంత్ర సదిశకు కూర్చొనుటకు చోటు లేదు. మేము తరగతిలో నాలుగు కుర్చీలు వేసి, ఒకరు వచ్చి ఒకరిని లేపుతూ ఆడి చూచినప్పుడుగాని ఈ ఉపపత్తి మాకు పట్టుబడలేదు. అక్షరాలు మారితే తబ్బిబ్బు పడినవారము, మనుషులు మారినప్పుడు గ్రహించినాము! పాఠ్యపుస్తకాలలో ఇది స్టైనిట్జ్ పేరుతో ఉన్నది. ఆయన ప్రకటించినది 1913లో.

ఇంకొక సిద్ధాంతం మాకు మరీ ఇష్టమైనది. రెండు ఉపాంతరాళాల పరిమాణాలను కూడితే, వాటి మొత్తపు పరిమాణాన్ని వాటి ఛేదనపు పరిమాణంతో కూడినంత అవుతుంది. మూలబిందువు గుండా పోవు రెండు వేర్వేరు తలాలను తీసుకొనండి. రెండును రెండును నాలుగు. మన స్థలంలో ఉన్నవి మూడు పరిమాణాలే గనుక మిగిలిన ఒకటి ఛేదనకు చెందవలెను. అనగా అవి ఒక గీతలో కలియవలెను. గదిలో రెండు గోడలు మూలలో కలియుట అందరమూ చూస్తున్నదే. కాని నాలుగు పరిమాణాల అంతరాళంలో ఛేదనకు సున్న మిగలవచ్చును. అక్కడ రెండు తలాలు ఒక్క బిందువులో మాత్రమే తాకి విడిపోగలవు. అట్టి గదిని కంటితో ఎవరూ చూడలేరు. ఉపపత్తి చూపుతుంది. నియమాల నుండి నిరూపించుట ఎందుకని మేము మొదట విసుగుకొన్న ప్రశ్నకు ఇంతకంటె తృప్తికరమైన సమాధానం మాకు దొరకలేదు.

అయితే 1862 నాటి గ్రంథం కూడా విఫలమైనది. తత్త్వం ఎక్కువైన పుస్తకాన్ని ఎట్లు చదువలేదో, ఉపపత్తులు తప్ప ఊపిరి లేని పుస్తకాన్ని కూడా అట్లే చదువలేదు. దాని పీఠికలో గ్రాస్‌మన్, తనకు శిష్యులు దొరకలేదన్న బాధను దాచుకొనలేదు. అయినను ఈ భావాలు ఏనాటికైనా దుమ్ములో నుండి లేచి రాగలవని దృఢంగా విశ్వసించినాడు. అటు పిమ్మట గణితం పట్ల ఆయన ఆసక్తి చాలవరకు సన్నగిల్లింది.

విడిచిపెట్టి ఊరక కూర్చొనలేదు. యౌవనంలో బెర్లిన్‌లో చదివిన భాషాశాస్త్రం ఆయనకు ఆశ్రయమిచ్చింది. నలుబదియవ యేట మొదలుపెట్టిన సంస్కృతాభ్యాసం ఇప్పుడు ఫలించింది. 1863లో ప్రకటించిన ఒక ధ్వనిసూత్రం భాషాశాస్త్రంలో నేటికీ గ్రాస్‌మన్ సూత్రమనియే వ్యవహరింపబడుతుంది. ప్రాచీన సంస్కృతంలోను గ్రీకులోను ఒక పదంలో దగ్గరదగ్గరగా రెండు మహాప్రాణాక్షరాలు రావలసి వస్తే మొదటిది అల్పప్రాణమగునని దాని తాత్పర్యం. ధా ధాతువు ద్విరుక్తమైతే ధధాతి కాదు, దధాతి. భూ ధాతువునకు భభూవ కాదు, బభూవ. ద్విరుక్తిలో ఈ మార్పును మన పాణినీయులు ఏనాడో చెప్పినారు. దానిని గ్రీకుతో పోల్చి, జర్మన్ భాషల ధ్వనులలో నియమానికి లొంగవని అనుకొన్న కొన్ని అపవాదాలు నిజానికి అపవాదాలు కావని తేల్చుట గ్రాస్‌మన్ చేసిన పని. గణితజ్ఞుని కన్ను ఇక్కడ కూడా కనిపిస్తున్నది.

తరువాత ఋగ్వేదం. అందులోని 1028 సూక్తాలను శోధించి, ప్రతి పదాన్ని, దాని రూపభేదాలను, ఏ రూపం ఎక్కడ వచ్చినదో సంఖ్యలతో సహా కూర్చి నిఘంటువుగా 1873 నుండి 1875 వరకు భాగాలుగా వెలువరించినాడు. ఆ వెంటనే 1876, 1877 సంవత్సరాలలో ఋగ్వేదానికి జర్మన్ పద్యానువాదాన్ని రెండు సంపుటాలుగా ప్రకటించినాడు. అనువాదాన్ని తరువాతివారు దాటిపోయినారు. నిఘంటువును మాత్రం వేదపండితులు ఇప్పటికీ చేతిలో నుండి దించలేదు. భారతదేశాన్ని ఒక్కనాడైనా చూడని ఒక స్టెట్టిన్ ఉపాధ్యాయుడు మన ప్రాచీన వాఙ్మయానికి చేసిన ఈ సేవను మా తోటి విద్యార్థులలో చాలమంది ఎరుగరు. మేమూ ఈ వ్యాసానికి పూర్వం ఎరుగము.

గణితంలో దక్కని గౌరవం సంస్కృతంలో వెంటనే దక్కింది. సుప్రసిద్ధ వేదపండితుడు రోత్ ఆచార్యుడుగా ఉన్న ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం 1876లో ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చినది. అంతలో గణితజ్ఞులలో కూడా కదలిక వచ్చింది. 1867లో హాంకెల్ తన గ్రంథంలో గ్రాస్‌మన్‌ను శ్లాఘించినాడు. క్లెబ్ష్ చొరవతో గోటింగెన్ విద్వత్పరిషత్తు 1871లో ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. వృద్ధాప్యంలో వచ్చిన ఈ ఆదరణతో ఆయన మరల గణితవ్యాసాలు వ్రాయసాగినాడు. తొలి గ్రంథానికి ప్రతులు కావలెనని అడిగినవారు కూడా కలిగినారు. కాని ప్రతులేవి? సుమారు 600 ప్రతులు అమ్ముడుపోక 1864లోనే చిత్తుకాగితాల క్రింద వాడినామని, మిగిలినవి ఒకటొకటిగా అమ్ముడైనవని, ఇక తమ గ్రంథాలయంలో ఒక్క ప్రతి మాత్రమే ఉన్నదని ప్రకాశకులు 1876లో ఆయనకు తెలిపినారు.

రెండవ ముద్రణకు గ్రాస్‌మన్ స్వయంగా సిద్ధం చేసినాడు. అచ్చయిన పుస్తకాన్ని చూచుకొను భాగ్యం కలుగలేదు. 1877 సెప్టెంబరు 26వ తేదీన హృద్రోగంతో స్టెట్టిన్‌లోనే కన్ను మూసినాడు. పుస్తకం 1878లో వెలువడింది.

పది సంవత్సరాల తరువాత, 1888లో ఇటలీలో పెయానో గ్రాస్‌మన్ గ్రంథాన్ని అనుసరించి ఒక పుస్తకం వ్రాసి, మా అధ్యాపకులు మొదటి దినం నల్లబల్ల మీద వ్రాసిన నియమాలను ఇంచుమించు ఆ రూపంలోనే అందులో పొందుపరచినాడు. అవి విశ్వవిద్యాలయపు తరగతులలో సాధారణ పాఠ్యాంశంగా స్థిరపడుటకు ఇరువదవ శతాబ్దం సగం గడవవలసి వచ్చింది. గ్రాస్‌మన్ కుమారులలో ఒకడైన హెర్మన్ ఎర్న్‌స్ట్ గీసెన్ విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైనాడు. తండ్రికి జీవితమంతా అందని పీఠం కుమారునికి అందింది.

అమెరికాలో గిబ్స్ మొదలైనవారి ప్రేరణతో ఎంగెల్ అను పండితుడు గ్రాస్‌మన్ సమగ్ర రచనలను 1894 నుండి సంపుటాలుగా పరిష్కరించి ప్రకటించినాడు. పరీక్ష కొరకు 1840లో సమర్పించగా పరీక్షకుడు తిరిగి ఇచ్చివేసిన ఆటుపోట్ల వ్యాసం ఆ వరుసలోని చివరి సంపుటంలో, 1911లో, మొదటిసారిగా అచ్చయింది.